పత్తి రైతుల సంఘాన్ని నిలబెట్టడం ఎలా: ఒక సీజన్‌కు సరిపడా ప్రణాళిక, శిక్షణ

"సంఘం పెట్టుకున్నాం. మొదట్లో అందరూ వచ్చారు. ఆరు నెలలకు ఐదారుగురే మిగిలారు. ఇప్పుడేం చేయాలి?" ఆదిలాబాద్, ఆసిఫాబాద్, వరంగల్ వైపు నుంచి, అటు ఆదోని, గుంటూరు వైపు నుంచి కూడా ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. చాలాచోట్ల కారణం ఒకటే. సంఘం కూర్చునే రోజులకూ, పత్తి పనులు నడిచే రోజులకూ పొంతన ఉండదు. జూన్‌లో విత్తనం కావాలి, సంఘం ఆగస్టులో కూర్చుంటుంది. అక్టోబరులో పత్తి ఇంటికొస్తుంది, అప్పటికి అధ్యక్షుడెవరన్న గొడవ నడుస్తుంటుంది.

వర్షాధారంగా రెండు నుంచి ఐదు ఎకరాల్లో పత్తి వేసే, పాతిక నుంచి అరవై మంది దాకా సభ్యులున్న సంఘాల కోసం ఇది రాస్తున్నాను. లెక్కల్లో తికమక లేకుండా మీది 40 మంది సంఘమని, తలా మూడెకరాల చొప్పున 120 ఎకరాలని అనుకుందాం. ఉగాది దాటగానే మొదలుపెట్టండి. కౌళ్లు మాట్లాడుకునేదీ, అప్పులు సర్దుకునేదీ అప్పుడే.

ముందు సమకూర్చుకోవలసినవి

- సభ్యుల రిజిస్టరు, తీర్మానాల పుస్తకం, నగదు పుస్తకం, నంబర్లున్న రసీదు పుస్తకం
- సంఘం పేరున బ్యాంకు ఖాతా. డబ్బు తీయాలంటే ఇద్దరి సంతకాలు ఉండాలి
- పత్తిలో తేమ చూసే మీటరు ఒకటి, నమ్మకమైన కాంటా ఒకటి
- మగ రెక్కల పురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, వాటిలో పెట్టే వాసన బిళ్లలు (లూర్‌లు)
- లెక్క రాయగలిగిన ఇద్దరు. ఒకరు ఊరికి వెళ్లినా పని ఆగకూడదు
- మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారి ఫోన్ నంబరు, దగ్గరి కృషి విజ్ఞాన కేంద్రం చిరునామా

మీటరు కొనే స్తోమత లేకపోతే పక్క ఊరి సంఘంతో కలిసి కొనండి. కూర్చోవడానికి తెలంగాణలో రైతు వేదికలున్నాయి, అడిగితే ఇస్తారు. లేదంటే బడి వరండా చాలు.

1. ఇంటింటి కార్డు రాయండి

ప్రతి సభ్యుడి ఇంటికి వెళ్లి ఒక కార్డు మీద ఈ సంగతులు రాయండి: సొంత భూమి ఎంత, కౌలు ఎంత. పోయిన ఏడాది ఎన్ని ప్యాకెట్ల విత్తనం పెట్టారు, ఎన్నిసార్లు మందు కొట్టారు. ఎన్ని క్వింటాళ్లు వచ్చింది, ఎక్కడ, ఏ ధరకు అమ్మారు. పాస్‌బుక్, ఆధార్, బ్యాంకు ఖాతా మూడింట్లో పేరు ఒకేలా ఉందా. ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, షాపులో ఉద్దెర ఎంత ఉంది, పంట ఆ షావుకారుకే వేయాలన్న మాట ఉందా.

ఈ చివరి ప్రశ్నను చాలా సంఘాలు మొహమాటంతో వదిలేస్తాయి. కలిసి అమ్ముదామన్న ఆలోచన బెడిసికొట్టేది ఇక్కడే. ఎకరాకు ఏడు క్వింటాళ్ల చొప్పున 120 ఎకరాలకు 840 క్వింటాళ్లని కాగితం మీద వేసుకుంటారు. తీరా పత్తి వచ్చే నాటికి సగం మంది విత్తనం, మందులు ఉద్దెరకు తెచ్చిన షాపుకే బండి తోలతారు. అది వాళ్ల తప్పు కాదు, మాట ఇచ్చారు కాబట్టి తప్పదు. అందుకే ఎవరి మాటకూ కట్టుబడి లేని పత్తి ఎంతో విడిగా రాసుకోండి. మీ ప్రణాళిక ఆ అంకె మీదే నడవాలి.

జాగ్రత్త: అప్పు సంగతి నలుగురిలో అడగొద్దు. ఇంటి దగ్గర, ఒక్కరితోనే మాట్లాడండి. "అన్నా, మొత్తం సంఘానికి ఎంతుందో తెలియాలి, నీ పేరు ఎక్కడా చదవం" అని ముందే చెప్పి, ఆ మాట నిలబెట్టుకోండి.

ఇంట్లో ఆడవాళ్లను కూడా అడగండి. కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా వాళ్లే. ఎన్ని కూలీలు పడ్డాయో, ఏ పొలం చెక్కలో గుడ్డి పత్తి (పురుగు పట్టి సరిగా విచ్చనిది) ఎక్కువ వచ్చిందో వాళ్లు చెప్పినంత సరిగ్గా ఇంకెవరూ చెప్పలేరు. సభ్యుల రిజిస్టరులో భార్యాభర్తలిద్దరి పేర్లూ రాయండి. కౌలు రైతును పట్టా లేదని పక్కన పెట్టకండి. సంఘం అవసరం అందరికంటే ఆయనకే ఎక్కువ.

సరిచూసుకోవడం: ఏవైనా ఐదు కార్డులు తీసి, అమ్మిన పత్తి లెక్కను ఆ రైతుల దగ్గరున్న తక్‌పట్టీలతో, అంటే మార్కెట్లో తూకం, ధర రాసిచ్చే చీటీలతో పోల్చండి. రెండు మూడింట్లో పెద్ద తేడా వస్తే కార్డులు గబగబా నింపారని అర్థం. మళ్లీ తిరగండి.

2. ఈ ఏడాదికి ఒక్క పని ఎంచుకోండి

విత్తనాలు, ఎరువులు, మందుల షాపు, గోదాము, జిన్నింగ్ మిల్లు అంటూ అన్నీ ఒకేసారి రాసుకున్న సంఘం ఏదీ చేయలేదు. మొదటి ఏడాదికి ఒకటి చాలు. నన్నడిగితే తేమ చూసి, పత్తి వేరుచేసి, కలిసి బండి కట్టి అమ్మడం. పెట్టుబడి తక్కువ, ఫలితం మూడు నెలల్లో కళ్లకు కనిపిస్తుంది.

విత్తనాలు కలిసి కొంటే చాలా మిగులుతుందని ఆశపెట్టుకోకండి. బీజీ-2 రకం బీటీ పత్తి విత్తనం ప్యాకెట్ గరిష్ఠ ధర ప్రభుత్వమే నిర్ణయిస్తుంది, 2025లో అది రూ.901. కలిసి కొనడం వల్ల అసలు లాభం నకిలీల బెడద తప్పడం. ప్రతి ప్యాకెట్‌కూ లాట్ నంబరుతో బిల్లు తీసుకోండి. ఖాళీ ప్యాకెట్లు, గుప్పెడు విత్తనం దాచండి. లాటుకు 100 గింజల చొప్పున తడిగుడ్డలో పెట్టి మొలక చూడండి. 75 కంటే తక్కువ మొలిస్తే ఆ లాటు వెనక్కి ఇచ్చేయండి. గింజలకు మందు పట్టించి ఉంటుంది కాబట్టి చేతికి తొడుగు లేకుండా ముట్టుకోవద్దు. గడ్డిమందు కొట్టినా తట్టుకుంటుందని లూజుగా అమ్మే విత్తనానికి అనుమతి లేదు, బిల్లూ ఉండదు. పంట పోతే అడిగే దిక్కు ఉండదు.

సంఘం తరఫున మందుల షాపు మాత్రం మొదటి ఏడాది వద్దు. లైసెన్సు కావాలి, సరుకుకు డబ్బు కావాలి. సొంతవాళ్లకు ఉద్దెర ఇవ్వనని చెప్పడం ఎంత కష్టమో మీకు తెలియంది కాదు.

3. అమ్మకం రోజు నుంచి వెనక్కి ప్రణాళిక వేయండి

పెద్ద చార్టు మీద ఐదు గళ్లు గీయండి: పని, ఏ తేదీలోగా, ఎవరు, ఎంత డబ్బు, అయిందని ఎలా తెలుస్తుంది. నింపడం పై నుంచి కాదు, కింది నుంచి మొదలుపెట్టండి. నవంబరులో పత్తి అమ్మాలంటే అక్టోబరుకల్లా మీటరు, పట్టాలు, గుడ్డ సంచులు సిద్ధంగా ఉండాలి. అమ్మకం నమోదుకు పంట వివరాలు వ్యవసాయ శాఖ రికార్డులో ఉండాలి, అంటే ఆగస్టు, సెప్టెంబరులోనే నమోదు సరిచూసుకోవాలి. నమోదులో పేరు తప్పు రాకూడదంటే మే నెలలోనే కాగితాలు దిద్దించుకోవాలి. ఇలా వెనక్కి వస్తే ఉగాదికి ఏం చేయాలో దానంతట అదే తేలుతుంది.

వాన సంగతికి రెండో వరుస రాసి పెట్టుకోండి. 60 నుంచి 70 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసేదాకా విత్తనం పెట్టొద్దని అందరూ కలిసి తీర్మానం చేయండి. తొలకరి జల్లుకే తొందరపడి పెట్టి, మొలక ఎండిపోయి, రెండోసారి ప్యాకెట్లు కొనడం ఏటా చూస్తున్నదే. జులై 20 దాటినా సరైన వాన లేకపోతే పత్తి మానేసి కందో, ఆముదమో అని కూడా రాసుకోండి. ఆ రోజు టెన్షన్‌లో తీసుకునే నిర్ణయం కంటే మే నెలలో ప్రశాంతంగా తీసుకున్నదే మేలు.

పొరపాటు జరిగేది "ఎవరు" అన్న గడిలో. "కమిటీ" అని రాస్తే ఎవరూ చేయరు. ఒక మనిషి పేరు రాయండి.

4. శిక్షణ పొలంలోనే పెట్టండి

హాల్లో కుర్చీలు, బ్యానరు, ఉపన్యాసం, భోజనం. అలాంటి శిక్షణ మర్నాటికి గుర్తుండదు. మన దగ్గర పొలంబడి అన్న మంచి పద్ధతి ఉంది. పాతిక ముప్పై మంది, ఒకే పొలం, వారానికోసారి, పంట కాలమంతా. మీ అధికారి నడిపితే సరే, లేదంటే కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను మొదటి రెండు మూడు వారాలు పిలిపించుకుని తర్వాత మీరే నడుపుకోండి.

పొలం ఎంపిక: దారి పక్కన, అందరికీ దగ్గరగా ఉన్న ఎకరం. అందులో అరెకరం రైతు మామూలుగా చేసే పద్ధతి, అరెకరం పొలంబడి నిర్ణయాల ప్రకారం. రెండింట్లోనూ ఒకే విత్తనం, ఒకే రోజు విత్తడం. లేకపోతే చివర్లో పోల్చడానికి ఏమీ మిగలదు. నీటి వసతి ఉన్న పెద్ద రైతు పొలం తీసుకోవద్దు, "ఆయనకేం, బోరుంది" అనేస్తారు.

విత్తిన మూడు వారాల నుంచి మొదలుపెట్టి ప్రతి వారం ఒకే వేళకు కలవండి. ఐదుగురేసి జట్లుగా విడిపోయి, ఒక్కో జట్టు పది మొక్కలు చూడాలి. మొక్క బొమ్మ గీసి, ఒక వైపు పంటను తినే పురుగులు, ఇంకో వైపు వాటిని తినే అక్షింతల పురుగులు, సాలీళ్లు ఎన్ని కనిపించాయో రాయాలి. తర్వాత మందు కొట్టాలా వద్దా అన్నది జట్టే చెప్పాలి. శిక్షకుడు చివర్లోనే నోరు విప్పాలి.

ఈ లెక్కలు సభ్యులందరికీ నోటికి రావాలి:

- గులాబీ రంగు పురుగు కోసం 45 రోజుల పంట నుంచి ఎకరాకు రెండు లింగాకర్షక బుట్టలు. వరుసగా మూడు రోజులు, బుట్టకు రోజుకు ఎనిమిది చొప్పున మగ రెక్కల పురుగులు పడితే జాగ్రత్త పడాల్సిందే.
- విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు నూటికి పది కనిపించినా అంతే.
- ఎకరంలో అక్కడక్కడా 20 పచ్చికాయలు కోసి పగలగొట్టి చూడండి. రెండింట్లో పురుగు ఉంటే మందు కొట్టే సమయం వచ్చినట్టే.

చాలామంది కాయను పైపైన చూసి బాగుందంటారు. ఈ పురుగు లోపలికి వెళ్లాక రంధ్రం పూడిపోతుంది, పగలగొడితే తప్ప తెలియదు. లూర్ గడువు దాటినా మార్చకపోవడం ఇంకో పొరపాటు. బుట్ట ఖాళీగా ఉంది, పురుగు లేదని మోసపోతారు. లూర్ కట్టిన తేదీని బుట్ట మీదే రాసేయండి.

మందు కొట్టే పద్ధతికి ఒక వారం పూర్తిగా కేటాయించండి. మన ఆదిలాబాద్ సరిహద్దుకు అవతల, యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తి చేలల్లో మందు కొడుతూ విషం సోకి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ పత్తి, ఆ మందులు, ఆ ఎత్తు పెరిగిన చేలు మన దగ్గరివే అనుకోవచ్చు. రెండు మూడు మందులు ఒకే డ్రమ్ములో కలపొద్దు. గాలికి ఎదురుగా కొట్టొద్దు. తలకు గుడ్డ, చేతులకు తొడుగు, నిండు చేతుల చొక్కా లేకుండా పొలంలోకి దిగొద్దు. కూలికి కొట్టేవాళ్లు సంఘం సభ్యులు కాకపోయినా వాళ్లనూ ఈ రోజు పిలవండి. ఎక్కువ మందు తాకేది వాళ్లకే.

ఆడవాళ్లు రాకపోతే వేళ సరిపోలేదని అర్థం. ఉదయం వంట, కూలి పని మధ్యలో పిలిస్తే ఎలా వస్తారు? "అక్కా, ఏ వేళైతే వీలవుతుంది?" అని అడిగి ఆ వేళకే పెట్టండి.

శిక్షణ పనిచేసిందా? హాజరు పట్టీలో సంతకాలు చూసి తేల్చుకోవద్దు. ఒక సభ్యుణ్ని ఆయన పొలానికే తీసుకెళ్లి 20 కాయలు పగలగొట్టి నిర్ణయం చెప్పమనండి. పోయిన ఏడాది కార్డులో రాసిన మందు కొట్టిన సంఖ్యను ఈ ఏటి సంఖ్యతో పోల్చండి. సాయం కావాలంటే కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

5. లెక్క రాయడం నేర్పండి

దీనికి రెండు సాయంత్రాలు చాలు. వచ్చిన ప్రతి రూపాయికీ రసీదు, పోయిన ప్రతి రూపాయికీ ఓచరు. నెలకోసారి బ్యాంకు పుస్తకంతో నగదు పుస్తకం సరిపోవాలి. లెక్క రాసేవారు, డబ్బు దగ్గర పెట్టుకునేవారు వేర్వేరు మనుషులై ఉండాలి. ఎంత మంచివాళ్లైనా సరే, రెండూ ఒకరికే ఇవ్వొద్దు. అది అనుమానం కాదు, ఆ మనిషికి రక్షణ.

ప్రతి నెలా సమావేశం మొదలయ్యేది లెక్క చదవడంతోనే. చదివేవారు ప్రతిసారీ మారాలి. చదువు రాని సభ్యులకు అర్థమైందో లేదో తెలియాలంటే, "మన దగ్గర ఇప్పుడెంతుంది?" అని వెనక వరుసలో కూర్చున్నవాళ్లను అడగండి.

6. కలిసి అమ్మడం

పని ఏరడం దగ్గరే మొదలవుతుంది. మంచు ఆరాక ఏరాలి. యూరియా సంచులు వాడొద్దు, ఆ ప్లాస్టిక్ పోగులు దూదిలో కలిస్తే మళ్లీ రావు. పాత చీరలతో కుట్టిన సంచులు వాడండి. గుడ్డి పత్తి, తడిసిన పత్తి, చివరి ఏరుడు పత్తి వేరే కుప్ప. మంచి దాంట్లో కలిపితే మొత్తానికి ధర పడిపోతుంది.

ఇక తేమ. భారత పత్తి సంస్థ, అంటే సీసీఐ, 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తుంది. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి అది క్వింటాలుకు రూ.8,110. అక్కడి నుంచి ఒక్కో శాతానికి సుమారు రూ.81 తగ్గుతుంది. 12 శాతం ఉంటే రూ.7,785.60. 12 దాటితే కొనరు.

చాలామంది 8 శాతానికి దించాలని రోజుల తరబడి ఎండబెడతారు. లెక్క వేసి చూడండి. 12 శాతం ఉన్న క్వింటాలు 8కి వచ్చేసరికి 95, 96 కిలోలే మిగులుతుంది. ధర పెరిగినంతా తూకంలో పోతుంది. అసలు నష్టం 12 దాటి వెనక్కి పంపినప్పుడు, ఆ బండినే బయట వ్యాపారికి ఆయన చెప్పిన ధరకు వేసి రావలసి వచ్చినప్పుడు. అందుకని 10, 11 మధ్యకు తెచ్చి ఆపండి. రాత్రి దారిలో మంచు పట్టినా, సీసీఐ కొనుగోలు కేంద్రంలో మీటరు కాస్త ఎక్కువ చూపినా గట్టెక్కుతారు. ప్రైవేటు వ్యాపారుల లెక్క వేరుగా ఉంటుంది, ముందే అడగండి.

తేమ చూసేటప్పుడు కుప్ప పైన కాదు, లోపల నాలుగైదు చోట్ల చెయ్యి పెట్టి తీసి చూడాలి. పైన ఎండి, లోపల పచ్చిగా ఉండటం మామూలే. సీజన్ మొదట్లో ఒక చిన్న సంచి పత్తిని మీ మీటరుతో చూసి, మూతి కట్టి తీసుకెళ్లి, కేంద్రంలోని మీటరుతో కూడా చూపించుకోండి. తేడా ఎంతో మీ మీటరు మీద చీటీ అంటించండి.

2025 నుంచి సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలి. ఊళ్లో ఫోన్ బాగా వాడే ఇద్దరు పిల్లలకు సెప్టెంబరులోనే ఈ పని నేర్పి, అందరివీ వాళ్ల చేత చేయించండి. ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుందో, ఆ ఫోన్ పనిచేస్తోందో ముందే చూడండి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు లేక డబ్బు ఆగిపోయిన రైతులు తక్కువమంది కాదు. డబ్బు నేరుగా రైతు ఖాతాకే వస్తుంది కాబట్టి సంఘం పేరున అమ్మడం కుదరదు. కలిసి చేసేది నమోదు, తేమ చూడటం, పక్కపక్క స్లాట్లు, ఒకే బండి, కాంటా దగ్గర తోడు.

కేంద్రం దూరమై వరంగల్ ఎనుమాముల లాంటి మార్కెట్‌కు వెళ్లేవాళ్లయితే, ముందు రోజు ఇద్దరిని పంపి ధరలు కనుక్కోండి. బండి ఎక్కించే ముందు ఇంటి దగ్గరే తూకం వేసి చీటీ మీద రాసుకోండి. అక్కడ తరుగు ఎంత తీశారో అప్పుడే తెలుస్తుంది. తక్‌పట్టీ తీసుకోకుండా మార్కెట్ దాటి రావద్దు.

సంఘానికి క్వింటాలుకు ఐదో పదో రూపాయలు సేవా రుసుము ముందే తీర్మానం చేసుకోండి. అమ్మకం అయ్యాక అడిగితే గొడవే.

7. సంక్రాంతి తర్వాత లెక్కల సభ

డిసెంబరు చివరికల్లా పంట తీసేసి కట్టె తొలగించమని సభ్యులకు గట్టిగా చెప్పండి. ఆశకొద్దీ ఇంకో ఏరుడు కోసం ఉంచితే గులాబీ రంగు పురుగు వచ్చే ఏటికి అక్కడే కాపురం పెడుతుంది. ఫిబ్రవరిలో అందరూ కూర్చుని మూడు అంకెలు చదవండి. కలిసి అమ్మినవారికి ఖర్చులు పోను క్వింటాలుకు ఎంత మిగిలింది, విడిగా అమ్మినవారికి ఎంత, మందుల ఖర్చు పోయిన ఏడాదితో పోలిస్తే ఎంత. కలిసి అమ్మినవారికి తక్కువ వచ్చి ఉంటే ఆ మాట కూడా పైకే చదవండి. దాచిపెట్టినా వాళ్లకు తెలిసిందే, దాచినందుకు నమ్మకం పోతుంది.

8. రిజిస్ట్రేషన్ ఎప్పుడు?

కనీసం ఒక సీజన్ ఇలా నడిచాక. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద వేర్వేరు కుటుంబాలకు చెందిన పదిమంది ఉంటే చాలు, చిన్న సంఘానికి అదే తేలిక. రైతులే వాటాదారులుగా ఉండే ఉత్పత్తిదారుల కంపెనీకీ పదిమందే చాలు, కానీ ఏటా ఆడిట్, కంపెనీల రిజిస్ట్రార్‌కు పత్రాలు తప్పవు. ఒక్కో పత్రం ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున రుసుము పడుతూ పోతుంది. 2020లో మొదలైన పదివేల ఎఫ్‌పీఓల (రైతు ఉత్పత్తిదారుల సంస్థల) పథకం డబ్బు వస్తుందని కంపెనీ పెట్టాలనుకుంటే ఆగండి. ఆ పదివేల లక్ష్యం 2025 ఫిబ్రవరికే పూర్తయింది. మీ మండలంలో ఇప్పటికే ఉన్న ఎఫ్‌పీఓలో సభ్యులుగా చేరడం మేలు కావచ్చు. చేరే ముందు వాళ్ల ఆడిట్ నివేదిక అడిగి చూడండి. మీరే కంపెనీ పెట్టుకోవాలనుకుంటే ఆడిటరు ఫీజు, పత్రాల ఖర్చు ఏడాదికి ఎంతవుతుందో ముందే కనుక్కుని, ఈ సీజన్‌లో వసూలైన సేవా రుసుముతో పోల్చి చూడండి. ఖర్చే ఎక్కువైతే ఇంకో ఏడాది ఆగండి.